ఏ ఆదివారమూ మానని సోదరుడు సంఘానికి ఎలా దూరమయ్యాడు: ఒక కేస్ స్టడీ

ఇది మా సంఘంలోని ఒక కుటుంబం గురించి. రాశాక మొదట ఆ భార్యాభర్తలకే చదివి వినిపించాను. వాళ్ళు మార్చమన్న వివరాలు మార్చాను, తీసేయమన్న రెండు సంగతులు తీసేశాను. తోటి కాపరులకూ (పాస్టర్లకూ) సంఘ పెద్దలకూ ఉపయోగపడుతుందని వాళ్ళు ఒప్పుకున్నారు కాబట్టే బయటపెడుతున్నాను.

నేపథ్యం

ఆ సోదరుడికి నలభై దాటాయి. భార్య, 11 ఏళ్ళ కొడుకు. బాప్తిస్మం తీసుకుని 15 ఏళ్ళయింది. అందులో ఆరేళ్ళు మా సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పాడు. ఆరాధనకు అరగంట ముందే వచ్చి కుర్చీలు వేసేవాళ్ళలో ఒకడు.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. ఆ తర్వాత అందరిలాగే మేమూ మందిరం తలుపులు మూసి, ఫోన్ ముందు నిలబడి వాక్యం చెప్పడం నేర్చుకున్నాం. ఆ రోజుల్లో ఆరాధనను ఇంటి నుంచే చూసే ఆ లైవ్ లింక్ దేవుడు చేసిన మేలు. ఇప్పటికీ నా మాట అదే. అది లేకపోతే ఎంతోమంది ఆ నెలల్లో ఒక్క పాట కూడా వినకుండా గడిపేవాళ్ళు.

తలుపులు మళ్ళీ తెరిచాక చాలామంది వచ్చారు. ఆయన రాలేదు. ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యం బాగాలేదన్నాడు, అది నిజమే. కొన్నాళ్ళకు ఆయన కారణం చెప్పడం మానేశాడు, మేము అడగడం మానేశాం. ప్రతి ఆదివారం వీడియో కింద ఆయన పేరుతో ఒక ‘ఆమేన్’ కనిపించేది. అది చూసి నేను తృప్తిపడేవాణ్ణి. ఈ కేసులో మొట్టమొదటి లోపం అక్కడుంది, అది నాది. లింక్ తెరిచిన వాళ్ళ సంఖ్యను సంఘంలో ఉన్నవాళ్ళ సంఖ్యగా లెక్కపెట్టుకున్నాను.

కేసు నా దగ్గరకు ఎలా వచ్చింది

2023లో ఒక రాత్రి ఆయన భార్య ఫోన్ చేసింది. “అయ్యగారూ, ఈయన ప్రార్థన చేయడం మానేసి ఏడాది దాటింది. వాక్యం మాత్రం వింటూనే ఉంటారు. రోజూ ఏదో ఒకటి వింటారు. నాకేమీ అర్థం కావట్లేదు” అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

మర్నాడు సాయంత్రం వెళ్ళాను. వెళ్ళగానే తప్పు చేశాను. బైబిల్లోని హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం 25వ వచనం తీసి, సమాజంగా కూడుట మానకూడదని గుర్తు చేశాను. ఆయన ప్రశాంతంగా విన్నాడు. “అయ్యగారూ, ఈ మూడేళ్ళలో నేను ఒక్క ఆదివారం కూడా మానలేదు. ఏ ఆదివారం మీరు ఏ భాగం చెప్పారో చెప్పమంటారా?” అన్నాడు. చెప్పాడు కూడా. నాలుగు వారాల వాక్యభాగాలు, వాటిలోని ముఖ్యాంశాలతో సహా. నా దగ్గర జవాబు లేదు. ప్రార్థన చేసి వచ్చేశాను.

ఇంటికొచ్చి అదే భాగం మళ్ళీ చదువుకున్నాను. 25వ వచనాన్ని ఎప్పుడూ విడిగా తీసి వాడటం మాకు అలవాటైపోయింది. దాని ముందున్న 24వ వచనం, ప్రేమ చూపడానికీ మంచి పనులు చేయడానికీ ఒకరినొకరు ఎలా పురికొల్పాలో ఆలోచించమంటుంది. కూడుకోవడం గురించిన మాట ఆ పనికోసమే వచ్చింది. నేనేమో ఆ పని పక్కన పెట్టి, హాజరు గురించి అడిగాను. హాజరుకు ఆయన దగ్గర జవాబుంది. నేను అడగాల్సింది వేరే: “ఈ మూడేళ్ళలో మిమ్మల్ని ఎవరు పురికొల్పారు? మీరు ఎవర్ని పురికొల్పారు?”

రెండోసారి వెళ్ళినప్పుడు అదే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చింది.

తెలిసిన సంగతులు

2020లోనే ఉద్యోగం పోయింది. ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాడు. సంఘంలో ఎవరికీ చెప్పలేదు. అప్పులు చేశాడు, వాటిలో కొన్ని భార్యకు కూడా తెలియవు. తర్వాత దొరికిన పని పాతదానికంటే చిన్నది, పైగా ఆదివారం డ్యూటీ. “మందిరానికి వస్తే ఎలా ఉన్నారు బ్రదర్ అని కనీసం పదిమంది అడుగుతారు. పదిమందికీ అబద్ధం చెప్పాలి. ఫోన్ ఏమీ అడగదు కదా అయ్యగారూ” అన్నాడు.

ఆదివారం డ్యూటీ నుంచి వచ్చాక, రాత్రి రికార్డింగ్ చూసేవాడు. పాటలు దాటేసేవాడు. వాక్యం దగ్గర మొదలుపెట్టి ఒకటిన్నర రెట్ల స్పీడులో వినేవాడు, ముగింపు ప్రార్థన రాకముందే ఆపేసేవాడు. నేనే కాదు, వారానికి ఐదారుగురు బోధకులు. “మొదటి ఐదు నిమిషాల్లో పట్టుకోకపోతే ఇంకొకరికి మార్చేవాణ్ణి” అన్నాడు. నన్ను నొప్పించాలని అన్న మాట కాదు, ఉన్నది చెప్పాడు. బైబిల్ జ్ఞానం నిజంగానే పెరిగింది. అదే సమయంలో, వినడం అంటే మార్కులు వేయడం అయిపోయింది. మందిరంలో ఒక సోదరుడి ప్రార్థన మరీ పొడుగైతే మనం ఓర్చుకుంటాం. ఓర్చుకుంటూ ఓర్చుకుంటూ ఒకరోజు ఆయన కన్నీళ్ళు చూస్తాం, ఆయన ప్రార్థన ఎందుకంత పొడుగో అప్పుడు అర్థమవుతుంది. స్పీడు పెంచుకునే వీలున్నచోట అది జరగదు.

ఆయన నిద్ర గురించి అడిగాను. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోందట. చనిపోవాలన్న ఆలోచన వచ్చిందా అని సూటిగా అడిగాను. ఒకటి రెండుసార్లు వచ్చిందన్నాడు. ఆ వారంలోనే ఆయన్ని తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళాను. డిప్రెషన్ అన్నారు, మందులు మొదలుపెట్టారు. తోటి కాపరులకు ఈ మాట గట్టిగా చెప్పాలి: సహవాసం వైద్యానికి బదులు కాదు. చావు గురించి అడిగితే ఆ ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడగకపోతేనే ప్రమాదం. మందులు వాడుతున్న మనిషిని “విశ్వాసం లేదు” అని ఎవరూ అనకుండా చూడటం కూడా కాపరి పనే.

నేను వేసుకున్న అంచనా

తర్వాతి వారాల్లో మేమిద్దరం ఒక పని చేశాం. కొత్త నిబంధనలో ‘ఒకరినొకరు’ అని వచ్చే ఆజ్ఞలు పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుంటూ చదివాం. ఒకరినొకరు ప్రేమించండి. ఒకరి భారాలు ఒకరు భరించండి. ఒకరినొకరు క్షమించండి. ఒకరి పాదాలు ఒకరు కడగండి. మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకుని, ఒకరి కోసం ఒకరు ప్రార్థించండి. ప్రతిదాని దగ్గరా ఆగి, ఇది ఫోన్‌లో కుదురుతుందా అని ఇద్దరం నిజాయితీగా ఆలోచించాం.

కొన్ని కుదురుతాయి. ఫోన్‌లో ప్రార్థన చేయొచ్చు, ధైర్యం చెప్పొచ్చు, క్షమాపణ అడగొచ్చు. కొన్ని అసలు కుదరవు. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో రోగి సంఘ పెద్దలను పిలిపించుకోవాలి, వాళ్ళు నూనె రాసి ప్రార్థించాలి అని ఉంది. మనిషి మీద మనిషి చెయ్యి పడాలి. పాపం ఒప్పుకోవడం దగ్గర ఆయనే ఒక మాటన్నాడు: “ఫోన్‌లో ఒప్పుకోవచ్చు. కానీ ఎప్పుడు ఒప్పుకోవాలో, ఎంతవరకు ఒప్పుకోవాలో నేనే నిర్ణయించుకుంటాను. కష్టమనిపిస్తే కట్ చేస్తాను.” నా అంచనాలో సగం ఆ మాటలోనే ఉంది. ఎదురుగా మనిషి కూర్చుంటే, మనం చెప్పాలనుకోనిది కూడా మన ముఖం చెప్పేస్తుంది.

అపొస్తలుడైన పౌలు కాలంలో, దూరంగా ఉన్న సంఘాలతో మాట్లాడటానికి ఉత్తరమే సాధనం. పౌలు దాన్ని తక్కువగా చూడలేదు, కొత్త నిబంధనలో పెద్ద భాగం ఉత్తరాలే. అయినా థెస్సలొనీక సంఘం వాళ్ళ ముఖం చూడాలని, వాళ్ళ విశ్వాసంలో ఉన్న లోటు తీర్చాలని రాత్రింబగళ్ళు వేడుకుంటున్నానని రాశాడు. రోమా సంఘాన్ని చూడాలనుకున్నది కూడా, తాను వాళ్ళకిచ్చేదాని కోసం మాత్రమే కాదు, ఒకరి విశ్వాసంతో ఒకరు ఆదరణ పొందడం కోసం. యోహాను తన రెండో పత్రిక చివర, సిరాతో కాగితంతో రాయడం ఇష్టం లేదని, సంతోషం పరిపూర్ణం కావాలంటే ముఖాముఖిగా మాట్లాడాలని అంటాడు. అపొస్తలుడు రాసిన పత్రికకే ఆ కొరత ఉంటే, నా రికార్డింగ్ సంగతి వేరే చెప్పాలా?

ప్రభువు బల్ల గురించి, అంటే యేసు మరణాన్ని గుర్తు చేసుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం గురించి, కాస్త ఎక్కువ చెప్పాలి. ఆ మూడేళ్ళూ ఆయన ఇంట్లో, స్క్రీన్ ముందు, తనంతట తానే బల్ల తీసుకున్నాడు. తలుపులు మూసి ఉన్న రోజుల్లో అలా చేయమని నేనే చెప్పాను. ఈ విషయంలో సంఘాల మధ్య భేదాభిప్రాయాలున్నాయని తెలుసు, నా అభిప్రాయం చెబుతున్నాను. మొదటి కొరింథు 11వ అధ్యాయంలో పౌలు కోప్పడింది రొట్టె గురించి కాదు. కొరింథు సంఘంలో కొందరు ముందే వచ్చి తమ భోజనం తాము తినేసేవాళ్ళు, లేనివాళ్ళు ఆకలితో ఉండిపోయేవాళ్ళు. పౌలు చెప్పిన పరిష్కారం చాలా చిన్నది: ఒకరికోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండి. 10వ అధ్యాయంలో, రొట్టె ఒక్కటే కాబట్టి అనేకులమైన మనం ఒక్క శరీరం అన్నాడు. ఇంట్లో ఒంటరిగా బల్ల తీసుకునే మనిషి ఎవరికోసమూ ఆగక్కర్లేదు. ఆకలితో ఉన్న సోదరుడు ఆయనకు కనిపించడు. ఇక్కడ ఆకలితో ఉన్నవాడు ఆయనే, ఆయన మాకు కనిపించలేదు. కొరింథులో జరిగిందే మా సంఘంలో ఇంకో రకంగా జరిగింది. ఇది అర్థమైన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మేము చేసింది

ఆదివారం రమ్మని ఒత్తిడి చేయలేదు. గురువారం సాయంత్రాలు మేమే ఆయన ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాం. నేను, మా సంఘ పెద్దల్లో ఒక పెద్దాయన, ఆయన వయసే ఉన్న ఇంకొక సోదరుడు. ఈ సోదరుణ్ణి కావాలనే ఎంచుకున్నాను. ఆయనకూ ఒకప్పుడు పని పోయింది. ప్రసంగం ఉండకూడదని ముందే అనుకున్నాం. ఒక కీర్తన చదవడం, వారం ఎలా గడిచిందో ఒక్కొక్కరు చెప్పుకోవడం, ప్రార్థన.

మూడు వారాలు ఆయన “బాగానే ఉన్నాం” అని ఊరుకున్నాడు. నాలుగో వారం ఆ రెండో సోదరుడు, అప్పులవాళ్ళ ఫోన్లు వస్తే తాను స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్న రోజుల గురించి చెప్పాడు. అప్పుడు ఈయన ఏడ్చాడు. అప్పుల సంగతి భార్య ముందే బయటపెట్టాడు. ఆ రాత్రి అందంగా ఏమీ ముగియలేదు. ఆయన భార్యకు చాలా కోపం వచ్చింది, దాచినందుకు. తర్వాత మూడు నాలుగు వారాలు ఆ ఇంట్లో టెన్షన్ నడిచింది. ఒక పెద్దావిడ వెళ్ళి ఆమె దగ్గర కూర్చుని, చెప్పినంతసేపూ వినేది. భర్తను బాగు చేయాలన్న ఆరాటంలో భార్య కోసం ఎవరినీ పంపాలని నాకు ముందు తట్టలేదు. మళ్ళీ ఇలాంటి కేసు వస్తే మొదటి రోజే ఆ ఏర్పాటు చేస్తాను.

పెద్దాయన గురించి ఒక మాట. ఆయనకు చెవులు దాదాపు వినపడవు. అయినా ప్రతి ఆదివారం రెండో వరుసలో ఉంటాడు. ఒక గురువారం ఆ ఇంటి పిల్లవాడు అడిగేశాడు, “తాతగారూ, వినపడకపోతే మందిరానికి ఎందుకు వెళ్తారు?” అని. మేం కాస్త ఇబ్బందిపడ్డాం. ఆయన పిల్లవాణ్ణి దగ్గరికి తీసుకుని, “అందరూ లేచి పాడేటప్పుడు బెంచీ అదురుతుంది నాన్నా. దానిమీద చెయ్యి పెట్టుకుంటాను. ఏ పాటో ఒక్కోసారి తెలిసిపోతుంది” అన్నాడు. తండ్రి వింటున్నాడు. పాటలు దాటేసే మనిషి కదా. ఆ రోజు ఏమీ అనలేదు. చాలా నెలల తర్వాత, ఆ మాట మనసులో పడిపోయిందని తనే చెప్పాడు.

ఆదివారం డ్యూటీ ఆయనకు పెద్ద సిగ్గుగా ఉండేది, విశ్రాంతి దినాన్ని అమ్ముకున్నట్టుగా. ఇక్కడ చరిత్ర ఉపయోగపడింది. క్రీ.శ. 321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆదివారాన్ని సెలవుగా ప్రకటించేదాకా, రోమా సామ్రాజ్యంలో అది మామూలు పనిరోజే. దాదాపు మూడు వందల ఏళ్ళపాటు విశ్వాసులు పనికి వెళ్ళేముందో, పని ముగిశాకో కూడుకున్నారు. క్రీ.శ. 112 ప్రాంతంలో పొంతు, బితూనియలకు (నేటి టర్కీలోని ప్రాంతాలు) గవర్నరుగా ఉన్న ప్లినీ, ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు ఒక నిర్ణీత దినాన తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవుడిగా స్తుతిస్తూ ఒకరి తర్వాత ఒకరు పాడుకుంటారని రాశాడు. పట్టుబడితే ప్రాణం పోయే రోజులవి. పాటను ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకునేవాళ్ళు. ఒంటరిగా ఆ పాట పూర్తికాదు. ఇది విన్నాక ఆయన “అయితే నాలాంటి వాళ్ళే కదా వాళ్ళంతా” అన్నాడు. ఆయన కోసమనే కాదు, సంఘంలో ఆదివారం డ్యూటీ ఉన్నవాళ్ళ పేర్లు రాస్తే 14 వచ్చాయి. ఆదివారం రాత్రి రెండో కూడిక మొదలుపెట్టాం.

ఆయన మొదటిసారి వచ్చిన రాత్రి గుమ్మంలోనే ఒకరు నవ్వుతూ “ఇన్నాళ్ళకు దర్శనమిచ్చారే!” అన్నారు. ప్రేమతోనే అన్నారు. ఆయన తర్వాతి రెండు వారాలు రాలేదు. ఆ ఆదివారం నేను యేసు శిష్యుడు తోమా గురించి చెప్పాను. చనిపోయి తిరిగి లేచిన యేసు శిష్యుల దగ్గరకు మొదట వచ్చినప్పుడు తోమా అక్కడ లేడు. మిగతావాళ్ళు చెబితే నమ్మలేదు కూడా. అయినా ఎనిమిది రోజుల తర్వాత తోమా వాళ్ళ మధ్యే ఉన్నాడు. నమ్మనివాడికి ఆ ఎనిమిది రోజులూ ఆ గదిలో చోటు దొరికింది, అక్కడే ప్రభువు అతణ్ణి కలుసుకున్నాడు. తిరిగి వచ్చినవాళ్ళతో లెక్కలు అడగొద్దని, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంటే చాలని సంఘాన్ని బతిమాలాను.

సంఘంలో మారినవి

లింక్ ఆపేయాలని కొందరు పెద్దలు గట్టిగా అన్నారు. నేను ఒప్పుకోలేదు. మా సంఘంలో మంచం దిగలేని ఒక సోదరి ఉంది. ఆమెకు లింక్ ఆపితే ఎవరికి మేలు? మందిరాల్లో తీవ్రంగా గాయపడి, గుమ్మం తొక్కాలంటే వణికే వాళ్ళున్నారు. వాళ్ళమీద హెబ్రీ 10:25 విసరడం క్రూరత్వం. క్రీ.శ. 155 ప్రాంతంలో తొలినాటి క్రైస్తవ రచయిత, హతసాక్షి జస్టిన్ ఆదివారపు ఆరాధనను వివరిస్తూ, రాలేనివాళ్ళకు ప్రభువు బల్లలో వారి భాగాన్ని పరిచారకులు తీసుకెళ్ళి ఇచ్చేవారని రాశాడు. ఆ కాలంలోనూ రాలేనివాళ్ళున్నారు. వాళ్ళ దగ్గరకు మనిషి వెళ్ళాడు. మేమూ అదే పద్ధతి పెట్టుకున్నాం. లింక్ ఉంటుంది, దాంతోపాటు నెలకు కనీసం రెండుసార్లు ఇద్దరు మనుషులు వెళ్ళాలి. ఇంకా, వరసగా రెండు వారాలు కనిపించనివాళ్ళ ఇంటికి ఆ రెండో ఆదివారమే ఎవరో ఒకరు వెళ్ళాలి. వ్యూస్ లెక్క చూడటం నేను మానేశాను.

ప్రస్తుత స్థితి

రెండో కూడికకు ఆయన వస్తున్నాడు. మందులు డాక్టరు సలహా మేరకు తగ్గాయి. అప్పులు పూర్తిగా తీరలేదు. ప్రార్థన మళ్ళీ మొదలైంది, ముందు గురువారాలు మా నలుగురిలో, తర్వాత భార్యతో. ఒంటరిగా చేసుకోవడం ఇంకా కష్టంగానే ఉందట. సండే స్కూలు తీసుకోమంటే ఇప్పుడే వద్దన్నాడు, నేను మళ్ళీ అడగలేదు. మంచం మీదున్న ఆ సోదరి దగ్గరకు వెళ్ళే ఇద్దరిలో మాత్రం ఆయన ఒకడు. ఆమెకు పాటలంటే ప్రాణం, ఒక్కటి కూడా దాటేయనివ్వదు.

గత నెలలో ఆయన వరసగా రెండు ఆదివారాలు కనిపించలేదు. రెండో ఆదివారం రాత్రి కూడిక ముగిశాక, కంగారుగానే ఆయనకు ఫోన్ చేశాను. పిల్లవాడు ఎత్తాడు. “నాన్న ముందు గదిలో ఉన్నారు అయ్యగారూ. తాతగారు వచ్చారు. తాతగారికి వినపడాలని గట్టిగా మాట్లాడుతున్నారు, మీక్కూడా వినిపిస్తోందా?” అన్నాడు.

వినిపిస్తోంది అన్నాను.